ఆ పాట ఏ ఏడాదిది

మా పాటల గ్రూపులో నెలకొకరి వంతు ఉంటుంది. వంతు వచ్చినవాళ్లు ఒక సంవత్సరం చెప్పాలి. మిగతా అందరం ఆ సంవత్సరం వచ్చిన పాటల్లోంచి మనసుకు బాగా దగ్గరైన పాట ఒకటి ఎంచుకుని, అది ఎందుకు దగ్గరైందో మా గొంతుతోనే చెప్పి పంపాలి. పాట గొప్పదా కాదా అన్న లెక్క లేదు. ఆ ఏడు నువ్వెక్కడున్నావు, ఆ పాట నీ చెవిన ఎట్లా పడింది, అదే ముఖ్యం.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వస్తున్నప్పుడు, నల్లగొండలో ప్రభుత్వ ఉద్యోగం చేసే ఒకాయన ఈ గ్రూపు మొదలుపెట్టాడు. నన్ను అందులో చేర్చింది నాతోపాటు దేవరకొండ దవాఖానలో పనిచేసే ఇంకో నర్సు. డ్యూటీలో సూదులు సర్దుతూ నేను కూనిరాగాలు తీస్తానని ఆమెకు తెలుసు. గ్రూపులో నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కువాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది ముఖాలు నేను ఇప్పటికీ చూడలేదు. గొంతులు మాత్రం గుర్తుపడతాను. ఎవరు దగ్గి మొదలుపెడతారో, ఎవరి మాటల వెనక కుక్కర్ కూత వినిపిస్తుందో కూడా చెప్పగలను.

ఒక నెల ఎవరో చెప్పిన సంవత్సరం చూసి కాసేపు ఫోను పక్కన పెట్టాను. నేను ఒకటో తరగతిలో చేరిన ఏడు అది. మా నాయిన చనిపోయిన ఏడు. ఏ పాట పంపాలా అని వెతుక్కోవాల్సిన పని నాకు లేకపోయింది.

మేం దూదేకులం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అమ్మ పరుపులు, బొంతలు కుట్టేది, ఇప్పటికీ చేతనైనప్పుడు కుడుతుంది. మా నాయిన పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో, చలికాలం మొదట్లో, పచ్చకామెర్లు ముదిరి పట్నం దవాఖానలో పోయాడు. ఆ రోజుల్లో నన్ను అమ్మమ్మ ఊళ్లో ఉంచారు. ఆయనను ఇంటికి తేవడం, ఖబరస్తాన్‌కు తీసుకుపోవడం, ఏదీ నేను చూడలేదు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటే ఉంది. అది కూడా ఎవరిదో పెళ్లి ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డది. టోపీ నీడ సగం ముఖాన్ని మింగేసింది.

అందుకే ఆయన ముఖం కనబడే ఒకే ఒక్క జ్ఞాపకాన్ని నేను భద్రంగా చూసుకునేదాన్ని.

దేవరకొండ బజారులో ఒక పెళ్లి ఎదురుకోలు. బడికి సెలవులు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, నా చెయ్యి పట్టుకుని కిరాణా కొట్టు అరుగు మీద నిలబడింది. ఎండ కళ్లల్లో పడుతోంది. బ్యాండు వస్తోంది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. అందరికంటే ముందు మా నాయిన. ఆ పాట వాయిస్తున్నాడు. ఆ పాట అడుగు నుంచి మెల్లగా మొదలై, మెట్లెక్కినట్టు ఎక్కి, చరణానికి ముందు ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. నేను "నాయినా" అని గట్టిగా పిలిచాను. ఆయన తిరిగి చూశాడు. నోట్లో క్లారినెట్ ఉంది కనుక మాట్లాడలేదు. కనుబొమలు పైకెత్తాడు. ఆ గిర్రున తిరిగే ముక్కను నాకోసమే అన్నట్టు మళ్లీ ఒకసారి వాయించి ముందుకు వెళ్లిపోయాడు.

అంతే జ్ఞాపకం. పెళ్లైన కొత్తలో మా ఆయనకు చెప్పాను. నా కూతురికి చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆ పిల్ల చిన్నప్పుడు కనుబొమలు ఎత్తి, నోటి దగ్గర పిడికిళ్లు పెట్టుకుని, తాత ఇట్లా చూశాడా అని ఆడేది. ఆ పాట టీవీలో ఎప్పుడు వచ్చినా ఇంట్లో అందరూ నన్ను పిలిచేవాళ్లు.

మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకముందే, ఇదంతా చెప్పి గ్రూపులో పెట్టాను. దసరా సెలవులు అని కూడా చెప్పాను. ఆ తర్వాత నెలకే నాయిన పోయాడని చెబుతున్నప్పుడు ఒక మాట రెండుసార్లు వచ్చింది. తుడిచేసి మళ్లీ చెబుదామనుకున్నాను కానీ అట్లాగే ఉంచాను.

సాయంత్రానికి చాలామంది జవాబులు పెట్టారు. సూర్యాపేట దిక్కు లారీ నడిపే ఆయన ఒకరు, బండి పక్కకు ఆపి విన్నానని, తన తండ్రి కూడా గుర్తొచ్చాడని అన్నాడు. సంతోషంగానే అనిపించింది. ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో మందుల షాపు నడిపే ఒకామె, మేమంతా అక్క అని పిలిచే మనిషి, రెండు ముక్కలు రాసింది. చెల్లె చెప్పింది మంచిగుంది గానీ ఆ పాట ఆ ఏడుది కాదు, దాని తర్వాతి ఏడుది అని.

నేను ఔనన్నాను, ఆమె కాదంది. ఇంకెవరో వచ్చి అక్క చెప్పిందే నిజం అన్నారు. నాకు రోషం వచ్చింది. మా నాయిన వాయిస్తుంటే నేను చూశాను, ఇంక సాక్ష్యం ఏం కావాలి అని రాశాను. కాసేపటికి అక్క నాకే ఫోను చేసింది.

"చెల్లె, ఏమనుకోకు. నేను ఊకెనే అంటలేను. ఆ సిన్మా ఉగాదికి వచ్చింది. నా పెండ్లి ఆ ఎండకాలంల. మా ఆయన ఆ పాటనే పెట్టాలని బ్యాండోల్లతోటి కొట్లాడిండు. కొత్త పాట, మాకింక రాదని వాల్లన్నరు. నా పెండ్లి ఏ ఏడో నేను మర్సిపోతనా?"

మా నాయిన దానికి ముందు చలికాలంలోనే పోయాడని నేను అన్నాను. అటు షాపులో ఎవరో గోలీలు అడుగుతున్నారు. వాళ్లకు ఇచ్చి పంపి మళ్లీ మాట్లాడింది.

"అయితె నాకు సమజైతలేదు చెల్లె. నువ్వు జెప్పింది వింటుంటె అబద్ధం లెక్క లేదు. నాదీ అబద్ధం కాదు. పోనీ, గ్రూపుల నేను రాసింది తీసేస్తనా?"

వద్దన్నాను. ఆమె తీసేసినంత మాత్రాన ఏమవుతుంది? ఫోను పెట్టేశాక ఇంట్లో ఒక పనీ సరిగా చేయలేకపోయాను. బియ్యం రెండుసార్లు కడిగాను. ఆ సినిమా ఎప్పుడొచ్చిందో నా కూతురు ఫోనులో చూసి చెప్పింది. అక్క మాటే నిజం.

మా ఆయన దీన్ని చిన్న విషయంగానే చూశాడు. మీ నాయిన వేరే పాట వాయించి ఉంటాడు, నువ్వు పెద్దయ్యాక ఈ పాట విని దానికి అతికించుకున్నావు, అందరికీ జరిగేదే అన్నాడు. సరిగ్గానే ఉందనిపించింది. ఆ రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని, ఆ అరుగు, ఆ ఎండ, ఆ ఎర్ర కోటు అన్నీ పెట్టుకుని, పాట మాత్రం తీసేసి ఇంకో పాట పెట్టి చూశాను. ఆ ఏడు వచ్చిన పాటలు నాకు చాలానే తెలుసు. ఒక్కొక్కటే పెట్టాను. ఏ పాట పెట్టినా ఆయన నావైపు తిరగలేదు. బ్యాండు నడిచి వెళ్లిపోయింది, ఆయన వీపు మాత్రమే కనిపించింది. ఆ పాట ఉంటేనే తిరుగుతాడు. ఆ పాట ఉండాలంటే ఆయన బతికి ఉండకూడదు. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు. దయ్యాల కథల్లో మాకు నమ్మకం లేదు. నాకు పిచ్చి లేదు. దవాఖానలో జ్వరం ముదిరినవాళ్లు లేని మనుషుల్ని చూసి పిలవడం నేను చాలాసార్లు విన్నాను. నాకు ఆ రోజు జ్వరమేమైనా ఉందా అని కూడా ఆలోచించాను.

అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. మర్నాడు ఆమె వసారాలో కూర్చుని పాత చీరలతో బొంత కుడుతుంటే పక్కన కూర్చుని అడిగాను. బజార్లో ఎదురుకోలు, అవ్వతో నేను అరుగు మీద నిలబడడం, నాయిన నన్ను చూడడం. అమ్మ సూది ఆపింది.

"గది నీకింక యాదుందా?" అంది.

యాదిలో లేకపోవడమేంటి, ఎన్నిసార్లు చెప్పలేదు అన్నాను. అప్పుడు తట్టింది నాకు. నా కూతురికి, మా ఆయనకు, గ్రూపుకు చెప్పాను. అమ్మకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు ఆ పాట వస్తే టీవీ ముందు నుంచి లేచి పోయేది. నాయిన గుర్తొస్తాడేమో అనుకుని నేనూ ఊరుకునేదాన్ని.

అది ఏ ఏడు జరిగిందని అడిగాను. దసరా ముందర అయి ఉంటుందంది. కొంచెంసేపటికి, కాదు, నువ్వు జూసినవని అవ్వ చెప్పింది గానీ నేను లేను అక్కడ అంది. మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు, అట్లాంటిదేం జరగలేదు, చిన్నపిల్లల మాటలు అంది. ఒక్క పూటలో మూడు మాటలు చెప్పింది. మా అమ్మ అట్లాంటి మనిషి కాదు. ఇంటికి వచ్చిన పాలాయనతో కూడా ఉన్నది ఉన్నట్టు మాట్లాడుతుంది. నాకు భయం లాంటిది పట్టుకుంది. వారం రోజుల దాకా ఆ ఊసెత్తలేదు. నేను ఎత్తకపోయినా ఆమె అదే ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది. బొంత కుట్టు వంకర పోయి విప్పి మళ్లీ కుట్టింది.

శుక్రవారం పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నన్ను అడగకు బిడ్డ. మోత్కూర్ పోయి మీ చిన్నాయనను అడుగు."

చిన్నాయన అంటే నాయిన తమ్ముడు. ఆయన కూడా ఆ బ్యాండులోనే ఉండేవాడని తెలుసు. నా చిన్నప్పుడే తన భార్య పుట్టిన ఊరు మోత్కూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మాకూ వాళ్లకూ రాకపోకలు లేవు. నా పెళ్లికి కబురు పంపితే చిన్నమ్మ ఒక్కతే వచ్చి వెళ్లింది. ఇంటి జాగా దగ్గర ఏదో పంచాయితీ వచ్చి ఉంటుందని నేను అనుకునేదాన్ని. అట్లా అని ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. అన్నదమ్ముల ఇళ్లల్లో మాటలు లేవంటే ఇంకేం కారణం ఉంటుంది అనుకున్నాను.

ఆదివారం బస్సెక్కాను. నల్లగొండలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాను. దారి పొడుగునా పత్తి విచ్చి ఉంది. బత్తాయి తోటల దగ్గర ఆటోలలో కాయలు నింపుతున్నారు. ఏం అడగాలో కూర్చుకుంటూ పోయాను. చిన్నాయనా, మా నాయిన చనిపోయాక బజార్లో బ్యాండు వాయించాడా అని అడగాలా? నన్ను పిచ్చిదనుకుంటాడు. సగం దారిలో దిగి వెనక్కి పోదామని కూడా అనిపించింది.

మోత్కూర్ అంగట్లో ప్లాస్టిక్ బిందెలు, చీపుర్లు అమ్ముతాడని తెలుసు. అంగడి లేని రోజు కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. గడపలో నిలబడ్డ నన్ను చూసి, ఎవరని అడగలేదు. లోపలికి తిరిగి, అన్న బిడ్డొచ్చింది, చాయ్ పెట్టు అని చిన్నమ్మకు చెప్పాడు. బక్కగా, కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. పై పళ్లు ఊడిపోయాయి. మాట్లాడితే గాలి బయటికి పోతోంది. మా నాయిన బతికి ఉంటే ఇట్లా ఉండేవాడా అనుకుంటూ చూశాను.

చాయ్ తాగాను. దవాఖాన పని గురించి, నా కూతురి చదువు గురించి అడిగాడు. అమ్మ బాగుందా అని అడగలేదు, నేనే బాగుందని చెప్పాను. తలూపాడు. ఇంక ఆగలేక ఫోను తీసి ఆ పాట పెట్టాను. చరణం ముందు ఆ గిర్రున తిరిగే చోటు వచ్చేసరికి ఆయన మోకాలి మీద వేళ్లు కదిలాయి. క్లారినెట్ మీద ఆడినట్టు.

మా నాయిన ఈ పాట వాయించడం నేను చూశాను, ఈ పాటేమో ఆయన పోయాక వచ్చిందంటున్నారు, అమ్మ నిన్ను అడగమంది అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన గోడవైపు తిరిగాడు. చిన్నమ్మ, ఇంకా ఎన్నేండ్లు దాస్తవ్, చెప్పరాదు అంది. అప్పుడు చెప్పాడు. ఆగి ఆగి, తిరిగి మొదలుపెట్టుకుంటూ చెప్పాడు. నేను దాన్ని వరుసలో పెట్టి రాస్తున్నాను.

నాయిన పోయినప్పుడు నన్ను అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చాక, నేను నాయిన ఎక్కడ అని అడుగుతూనే ఉన్నానట. అమ్మ చెప్పలేకపోయింది. ఆత్మకూర్ దిక్కు పెళ్లిళ్లున్నాయి, బ్యాండుతో పోయాడు, వస్తాడు అని చెప్పింది. ఇంట్లో అందరూ అదే మాట మీద ఉన్నారు. చలికాలం గడిచింది. ఎండకాలం పెళ్లిళ్లు మొదలయ్యాయి. బ్యాండులో క్లారినెట్ వాయించేవాళ్లు లేరు. అప్పటిదాకా చిన్నాయన డోలు కొట్టేవాడు. అన్న దగ్గర కూర్చుని కొంత నేర్చుకున్నాడు కాబట్టి ఆ జాగాలో ఆయనను నిలబెట్టారు. నాయిన కోటు ఆయనకు సరిపోయింది. టోపీ కూడా. ఆ పెళ్లివాళ్లు కొత్త పాట కావాలన్నారు. క్యాసెట్ తెచ్చి, పొద్దస్తమానం విని, నేర్చుకుని వెళ్లాడు.

"నువ్వు ఎండకాలం సెలవులల్ల ఉన్నవ్. మా అవ్వ నిన్నెందుకు తోల్కొచ్చిందో బజారుకు. ముసల్దానికి తెల్వదు నేను కోటేసుకున్నట్టు. నువ్వు నాయినా అని పిల్సినవ్. బ్యాండంత విన్నది. వెనుక డోలు కొట్టెటోని చెయ్యి తప్పింది."

చిన్నమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తిరిగి జూసిన. నోట్లె క్లార్నెట్ ఉన్నది. అది తీస్తె నేను చిన్నాయననైత. తియ్యకుంటె మీ నాయిన. గంత సంబురంగ జూస్తున్నవ్ బిడ్డ నువ్వు. నాకు తియ్యబుద్ధి కాలే."

ఆ ముక్కను రెండోసారి వాయించింది నాకోసమా అని అడిగాను. కాదు, ఏడుపొచ్చి ఊపిరి తప్పింది, పాట ఎక్కడుందో తెలియక వెనక్కి పోయి మళ్లీ అందుకున్నానన్నాడు.

ఆ రోజు నేను ఇంటికి పరుగెత్తుకుంటూ వెళ్లి, నాయిన వచ్చాడు, బజార్లో ఉన్నాడు, నన్ను చూశాడు అని అమ్మకు చెప్పానట. ఆ సాయంత్రం అమ్మ చిన్నాయన ఇంటికి వచ్చింది. గట్టిగా అరవలేదు. వాకిట్లో నిలబడి, పిల్లకు రెండుసార్లు సావు జెప్పాల్నా నేను అని అడిగింది. ఆ కోటు వేసుకుని మా గల్లీ దిక్కు రావద్దంది. ఆయన కోటు, క్లారినెట్ రెండూ బ్యాండు యజమానికి ఇచ్చేసి, ఆ వానాకాలానికి మోత్కూర్ వచ్చేశాడు. మళ్లీ ఎప్పుడూ వాయించలేదు. వదిన మీద నాకు కోపం లేదు, ఆమె అన్నదాంట్లో తప్పేముంది అన్నాడు. జాగా పంచాయితీ ఏమీ లేదు. అది నేను అల్లుకున్నదే.

అన్నీ తెలిశాయి కదా, మనసు తేలికపడాలి. పడలేదు. ఇంకా చిక్కుపడింది. నాకు తెలిసిన ఒక్క ముఖం, ఎండలో కనుబొమలు ఎత్తిన ముఖం, నా ఎదురుగా కూర్చుని ఉంది. మరి మా నాయిన ముఖం ఏది? ఆయనా అట్లాగే కనుబొమలు ఎత్తేవాడా అని అడిగాను. మేమిద్దరం ఒక్కతీరుగా ఉంటామని అవ్వ అనేది, నాకు తెలియదు అన్నాడు.

మిగిలిన చిన్న చిన్న జ్ఞాపకాలు కూడా నాకున్నాయి కదా, వాటిని పట్టుకుందామనుకున్నాను. సైకిల్ ముందు కడ్డీ మీద తువ్వాల మడతపెట్టి, నన్ను కూర్చోబెట్టుకుని కోట దిక్కు తీసుకుపోయేవాడు, గాలికి ఆయన గడ్డం నా నెత్తికి తగిలేది అని చెప్పాను.

చిన్నాయన ఇబ్బందిగా చిన్నమ్మ వైపు చూశాడు.

"సైకిల్ నాది బిడ్డ," అన్నాడు. "అన్నకు సైకిల్ తొక్కరాదు."

ఇంకొకటి కూడా ఉంది నా దగ్గర. ముంజెకాయ కొట్టి, బొటనవేలితో నీళ్లు ఎట్లా తీయాలో చూపించిన చెయ్యి. అది అడగలేదు. నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. అది కూడా నాదే అంటాడేమోనని భయపడ్డాను. ఆయనకూ అర్థమైనట్టుంది. తనంతట తానే ఒకటి చెప్పాడు. నాకు చెవులు కుట్టించినప్పుడు నాయిన ఒళ్లో కూర్చున్నానట. కంసాలాయన సూది గుచ్చగానే నేను ఏడుస్తుంటే, నాకంటే ఎక్కువ ఆయన ఏడ్చి, రెండో చెవి వద్దు, ఇట్లాగే ఉండనీయి అని నన్ను ఎత్తుకుని ఇంటికి వచ్చేశాడట. నెల తర్వాత అమ్మే పట్టుకుపోయి రెండోది కుట్టించింది. అందుకే నా చెవుల రంధ్రాలు రెండూ ఒక వరుసలో ఉండవు అన్నాడు.

చెవి తడుముకున్నాను. నిజమే, ఎడమది కొంచెం కిందికి ఉంటుంది. కానీ ఆ ఒడి, ఆ ఏడుపు, ఆ కంసాలి దుకాణం, ఏదీ నాకు గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. నాకు గుర్తున్నది ఆయన కాదు. ఆయనది నాకు గుర్తు లేదు. చిన్నమ్మ అన్నం తిని పొమ్మంటే ఏమని జవాబిచ్చానో కూడా తెలియకుండానే కంచం ముందు కూర్చున్నాను.

వచ్చేటప్పుడు చిన్నాయన బస్టాండ్ దాకా వచ్చాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. ఆయన మీద కోపం వస్తుందేమోనని నన్ను నేను చూసుకున్నాను. రాలేదు. ప్రేమ వచ్చిందా అంటే అదీ చెప్పలేను. ఇన్నేళ్లు నాయిన అనుకుని ప్రేమించింది ఈ మనిషి ముఖాన్నే కదా, మరి ఆ ప్రేమ ఇప్పుడు ఎవరిది? బస్సులో పక్కన కూర్చున్న ఆమె, బిడ్డా, ఎవరన్నా పోయిండ్రా అని అడిగింది. ఔను అన్నాను. ఎప్పుడు అంటే చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చెప్పాడా అంది. చెప్పాడన్నాను. నేను కాళ్లు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాక, అడగకుండానే మాట్లాడింది.

"గంత సంబురంగ ఉరికొచ్చినవ్. కాదు, గాయన మీ చిన్నాయన అని ఎట్ల జెప్పుదు? రేపు జెప్పొచ్చనుకున్న. ఆ రేపు రానే లేదు."

మరి నాయిన చనిపోయాడని నాకు ఎప్పుడు చెప్పావని అడిగాను. ఇది నాకు నిజంగా తెలియదు. ఆ విషయం తెలియని రోజులు ఉన్నాయి, తెలిసిన రోజులు ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో నా బుర్రలో లేదు.

"నేను జెప్పలే బిడ్డ," అంది అమ్మ. "నువ్వే అడుగుడు బంద్ జేసినవ్."

ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. చీకటి పడుతోందని లేచి లైటు వేసింది. చాలా ఏళ్లు నేను మా అమ్మను గట్టి మనసు మనిషి అనుకునేదాన్ని. ఆ పాట వచ్చినప్పుడల్లా లేచి పోవడం మొగుడి మీద బెంగతో అనుకునేదాన్ని. అది బెంగ కాదో, బెంగ కూడా అందులో ఉందో, ఇప్పుడు నాకు ఖాయంగా తెలియదు. అడిగితే చెబుతుందేమో గానీ అడగాలంటే నాకే ధైర్యం చాలలేదు.

గ్రూపులో అక్క చెప్పిందే నిజమని, ఆ పాట తర్వాతి ఏడుదని రాశాను. ఎట్లా తెలిసిందని ఎవరూ అడగలేదు. అక్క మాత్రం ఫోను చేసింది. ఆమెకు మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నది. చివరికి, ఆ ఏడుకు ఇంకో పాట పెడతావా చెల్లె అని అడిగింది. ఆ ఏడుకు నా దగ్గర ఏ పాటా లేదన్నాను. ఆ నెల పాటల జాబితాలో నా పేరు పక్కన పాట లేకుండానే పోయింది. నా కూతురికి చెప్పడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. అంతా విని, అయితే ఆ తాత బతికే ఉన్నాడా, ఆయనను మనింటికి పిలుద్దాం అంది. అంత సులువుగా అంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ రమ్మనలేదు, వద్దనలేదు.

ఆ తర్వాత వచ్చిన రంజాన్ పండుగ దాటాక, నేను ఫోను చేసి పిలిస్తే, ఒక ఆదివారం చిన్నాయన, చిన్నమ్మ మా ఇంటికి వచ్చారు. పిల్లకు ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా నువ్వుల లడ్డూలు తెచ్చారు. అమ్మ తలమీద కొంగు సర్దుకుని, లోపలికి రండి అంది. ఆయన చెప్పులు గుమ్మానికి దూరంగా విడిచాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోలేదు. తర్వాత ఆయన, వదినా కండ్లు మంచిగనే కనబడుతున్నయా అని అడిగాడు. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందని ఆమె చెప్పింది. తనకు శుక్లం ఆపరేషన్ ఎట్లా చేశారో, మూడో రోజు కట్టు విప్పితే ఏం కనిపించిందో ఆయన వివరంగా చెప్పాడు. అమ్మ శ్రద్ధగా వింది. మోకాళ్ల నొప్పులకు ఏ నూనె వాడాలో ఆమె చెప్పింది. పాట గురించి గానీ, కోటు గురించి గానీ, నాయిన గురించి గానీ ఎవరూ ఎత్తలేదు. నేను వంటింట్లోంచి వాళ్లిద్దరినీ చూస్తూ, ఎత్తితే బాగుండు అనుకున్నాను. మరు నిమిషం ఎత్తకుంటే బాగుండు అనుకున్నాను.

అన్నాలు తిన్నారు. అమ్మే వడ్డించింది. సాయంత్రం బస్సుకు వాళ్లను ఎక్కించి వచ్చాను. అమ్మ ఎంగిలి కంచాలు తీస్తోంది. ఎట్లా అనిపించింది అమ్మా అని అడిగాను.

"పప్పుల ఉప్పు ఎక్కువైంది," అంది. "పాపం, ఏమనకుండ తిన్నడు."